'వైజ్ సాస్'లో ఆ 'సా' ఏమిటి? సామెతా, సూక్తా, ఉత్త మాటా?

కృష్ణ ఒడ్డు:
మూడు రోజులుగా ఒక పాదం నన్ను వదలడం లేదు. షేక్‌స్పియర్ 'యాజ్ యు లైక్ ఇట్'లో జేక్వెస్ చెప్పే మనిషి జీవితపు ఏడు దశలు అందరికీ తెలిసినవే. అందులో అయిదోది న్యాయాధికారి దశ. గుండ్రటి పొట్ట, కఠినమైన చూపు, పద్ధతిగా కత్తిరించిన గడ్డం, ఆ తర్వాత 'ఫుల్ ఆఫ్ ఓల్డ్ సాస్' అని ఏదో ఉంది. మిగతా సగం గుర్తు రావడం లేదు. ఇంటర్మీడియట్‌లో ఈ పాఠం చెప్పిన మాస్టారు 'సా అంటే సామెత' అని ఒక్క ముక్కలో తేల్చి ముందుకు వెళ్లారు. నా మనసు మాత్రం మా ఊరి సామిల్లు దగ్గరే ఆగింది. దుంగలు కోసే రంపానికీ, పెద్దలు చెప్పే సామెతకూ ఒకే పేరు ఎలా వచ్చింది?

ఇప్పుడు అడగడానికి కారణం ఉంది. ఈ భాగాన్ని తెలుగు చేస్తున్నాను. 'సామెతలు' అని రాస్తే చెవికి ఇంపుగానే ఉంది కానీ, అర్థం దగ్గర ఏదో తేడా కొడుతోంది. ఆ తేడా ఏమిటో చెప్పగలరా?

అకారాది:
ముందు పాదం సరిచేద్దాం. అక్కడ ఉన్నది 'ఓల్డ్' కాదు, 'వైజ్'. మొత్తం పాదం 'ఫుల్ ఆఫ్ వైజ్ సాస్ అండ్ మోడర్న్ ఇన్‌స్టాన్సెస్'. రెండో అంకం, ఏడో రంగం. 'ఓల్డ్ సా' అనేది జంటగా స్థిరపడిపోయిన పలుకుబడి. నేటి ఇంగ్లిషులో ఈ మాట దాదాపు ఆ జంటలోనే బతికి ఉంది కనుక మీ జ్ఞాపకం అటు జారింది.

రంపానికీ దీనికీ చుట్టరికం లేదు. సామెత 'సా' పాత ఇంగ్లిషులో 'సగు', అంటే పలుకు. 'సే' అనే క్రియకు తోబుట్టువు. జర్మన్‌లో ఐతిహ్యాన్ని 'సాగె' అంటారు. ఉత్తరాది ద్వీపాల వీరగాథలు 'సాగా'లు. ఇవన్నీ ఒకే కుదురు. రంపపు 'సా' కోతకు సంబంధించిన వేరే ధాతువు నుంచి వచ్చింది. లాటిన్ 'సెకారె', మనం రోజూ వాడే 'సెక్షన్' దాని బంధువులు. పాత ఇంగ్లిషు నాటికే ఈ రెండు మాటల రూపాలూ దగ్గరగా ఉండేవి, తర్వాత పూర్తిగా కలిసిపోయాయి.

తుంగభద్ర తీరం:
ఇలాంటి కలయిక మాకు ఇంటి పక్కనే ఉంది. బళ్లారి వైపు పెరిగినవాడిని. కన్నడంలో సామెతను 'గాదె' అంటారు, సంస్కృత 'గాథ' నుంచి. తెలుగులో గాదె అంటే ధాన్యం పోసుకునేది. 'వేద సుళ్ళాదరూ గాదె సుళ్ళాగదు' అని మా పొరుగింటి అవ్వ అనేది. వేదం అబద్ధమైనా సామెత అబద్ధం కాదని అర్థం. చిన్నప్పుడు నాకు అది వడ్ల గాదె గురించిన మాటలాగే వినిపించేది. వేదం తప్పినా గింజలు తప్పవనుకున్నాను. ఇప్పటికీ ఆ అర్థం నాకు ఇష్టమే.

విశ్రాంత అధ్యాపకుడు:
అకారాది గారు రూపం చెప్పారు. అర్థం ఇంకా తేలలేదు. కృష్ణ ఒడ్డు గారి అనుమానం సరైనదే. షేక్‌స్పియర్‌లో 'సా' ప్రతిచోటా సామెత కాదు. ఇదే నాటకం మూడో అంకం, అయిదో రంగం చూడండి. ఫీబీ అనే గొల్లపిల్ల 'చనిపోయిన గొల్లవాడా, నీ సా ఎంత బలమైనదో ఇప్పుడు తెలిసింది' అని, వెంటనే ఒక పాదం చదువుతుంది: తొలిచూపులో ప్రేమించనివాడు ఎవడు ప్రేమించాడు అని. ఆ పాదం జనం నోట పుట్టింది కాదు. క్రిస్టఫర్ మార్లో రాసిన 'హీరో అండ్ లియాండర్'లోది. 1593లో మార్లో హత్యకు గురయ్యాడు, ఆ కావ్యం 1598లో అచ్చయింది. అంటే ఇక్కడ 'సా' ఒక కవి వాక్కు.

'లవ్స్ లేబర్స్ లాస్ట్' చివరి శీతాకాలపు పాటలో జనం దగ్గుల్లో పాదిరి 'సా' మునిగిపోతుంది. అది ప్రసంగం. హామ్లెట్ తండ్రి ప్రేతాన్ని చూశాక తన జ్ఞాపకపు పలక మీంచి తుడిచేస్తానన్న వాటిలో 'పుస్తకాల సాలు' ఉన్నాయి. ఒకే మాట కవి పాదం, చర్చి ప్రసంగం, పుస్తకంలోంచి ఎత్తి రాసుకున్న నీతి, మూడూ అయింది. ఎందుకంటే అది ఇంకా తన ధాత్వర్థాన్ని వదులుకోలేదు. అన్నది ఏదైనా 'సా'యే.

ప్రత్యయం:
అయితే తేడా అక్కడే ఉంది కదా. 'సా' అంటే అన్నది. 'సామెత' అంటే పోలినది. సామ్యత నుంచి సామెత.

గోదావరి గట్టు:
ఈ సామ్యత వ్యుత్పత్తి నాకు ఎప్పుడూ రుచించలేదు. 'సామ' నుంచి ఎందుకు కాకూడదు? సామదానభేదదండాల్లో మొదటిది సామం, మంచి మాటతో ఒప్పించడం. తగువు తీర్చే పెద్దమనిషి ముందు సామెత చెబుతాడు, ఆ తర్వాతే తీర్పు. ఆ న్యాయాధికారి పాదంలోనూ అదే కదా జరుగుతోంది?

ప్రత్యయం:
ఊహ అందంగా ఉంది గోదావరి గట్టు గారూ, కానీ 'మె' ఎక్కడిది? సామంలో ఎత్వానికి ఆధారం లేదు. సామ్యతలో ఉంది. యకారం ఎత్వంగా దిగడం మన భాషలో నిత్యం చూసేదే. కన్య కన్నె అయింది, సంధ్య సందె అయింది, పుణ్యం పున్నెం అయింది. 'మ్య' కూడా అలాగే 'మె' అయింది. ముందు దీర్ఘం ఉంది కనుక మకారం జంట కాలేదు. ఆ ఒక్క అక్షరం సాక్ష్యం చాలు నాకు.

గోదావరి గట్టు:
అక్షరం సాక్ష్యం చెబుతోంది సరే, అర్థం ఒప్పుకోవాలి కదా. 'అడగనిదే అమ్మైనా పెట్టదు.' ఇందులో పోలిక ఎక్కడుంది? 'నిజం నిప్పులాంటిది' అంటే పోలిక ఉందంటాను. 'ఆలస్యం అమృతం విషం'లో ఏది దేనిని పోలింది? సగానికి సగం సామెతల్లో పోలికే లేనప్పుడు జాతి మొత్తానికి ఆ పేరు ఎందుకు పెడతారు?

ఆటవెలది:
పోలిక వాక్యం లోపల ఉండనక్కరలేదండీ. వాక్యానికీ, మీ ముందు జరుగుతున్న దానికీ మధ్య ఉంటుంది. మా అమ్మమ్మ 'అడగనిదే అమ్మైనా పెట్టదు' అన్న ప్రతిసారీ అక్కడ అమ్మ ప్రసక్తే ఉండేది కాదు. పింఛను కాగితం కోసం ఆఫీసుకు వెళ్లడానికి మొహమాటపడే మా తాతయ్య ఉండేవాడు. ఆఫీసు అమ్మను పోలింది, తాతయ్య బిడ్డను పోలాడు. ఆ పోలిక పడకపోతే అది అన్నం గురించిన వాక్యమే తప్ప సామెత కాదు. 'సామెత చెప్పినట్టు' అంటాం చూడండి, ఆ 'అట్టు'లోనే సామ్యమంతా ఉంది.

చెన్నపట్నం:
ఆటవెలది గారి మాటకు హీబ్రూ బలం ఉంది. బైబిల్లో మనం 'సామెతలు' అని పిలుచుకునే గ్రంథానికి మూలంలో పేరు 'మాషాల్' బహువచనం. ఆ ధాతువుకు పోలి ఉండటం అనే అర్థం ఉంది. అవే మూడు హల్లులకు ఏలడం అనే అర్థమూ ఉండటంతో పండితులు తగవులాడుతూనే ఉన్నారు. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో మాట తప్పిన జనం ఇతర జాతుల మధ్య విస్మయానికీ, సామెతకూ, నిందకూ గురవుతారని ఉంది. అక్కడా 'మాషాల్' మాటే. మనుషులే సామెత అయిపోవడం! 'ఫలానావాళ్లలా అయిపోతావు' అని చూపించడానికి పనికొచ్చే పోలికగా మిగలడం. తెలుగు అనువాదకులు 'సామెత' అన్న మాటను ఎంచుకోవడం నాకు చాలా గొప్పగా తోస్తుంది. లాటిన్ 'ప్రోవెర్బియుమ్'లో ఆ పోలిక వాసన లేదు.

అన్నట్టు, తమిళంలో 'పళమొళి', అంటే పాత మాట. మీరు జ్ఞాపకంలో చేర్చుకున్న 'ఓల్డ్' తమిళంలో మాటలోనే ఉంది కృష్ణ ఒడ్డు గారూ.

అకారాది:
'ప్రోవెర్బ్' ఎత్తారు కనుక ఒక మాట. దాన్ని మన 'ప్రవచనం'తో కలిపే ప్రయత్నం తరచు చూస్తుంటాను. సగమే నిజం. 'ప్రో', 'ప్ర' ఒక తల్లి బిడ్డలే. 'వెర్బుమ్', 'వచనం' కావు. 'వెర్బుమ్'కు ఇంగ్లిషు 'వర్డ్' చుట్టం. కట్టడం ఒకటే, ఇటుకలు వేరు.

సామెతకే మరో ఇంగ్లిషు మాట 'అడేజ్' ఇంకా చిక్కు. లాటిన్ 'అడాజియుమ్'. దాని గురించి రోమన్లే ఒక మాట మీద లేరు. చుట్టూ తిరిగే మాట కనుక ఆ పేరని వర్రో అన్నాడు. 'చేయడానికి తగినది' అన్న అర్థంలో ఫెస్టస్ విడదీశాడు. నేటి భాషాశాస్త్రం దాన్ని 'అయో' అనే క్రియతో ముడిపెడుతుంది. 'నేను అంటున్నాను' అని దాని అర్థం. మళ్లీ అనడమే! 'సా' అన్నా, 'అడేజ్' అన్నా, మన 'ఉక్తి' అన్నా, 'నుడి' అన్నా అనడమే. సంస్కృతంలో సామెతకు 'ఆభాణకం' అని పేరుంది, అదీ భణించడమే. 1868లో కెప్టెన్ కార్ మద్రాసులో మన సామెతల సంపుటి వేసినప్పుడు పెట్టిన తెలుగు పేరు 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక'. 'సామెత' కాదు, 'లోకోక్తి'. లోకం అన్నది.

కనుక నా ప్రతిపాదన ఇది. 'సా'కు సరైన తెలుగు 'ఉక్తి'. 'వైజ్ సా'కు 'సూక్తి'. మీ పాదంలో 'సూక్తులు' అని రాయండి.

విశ్రాంత అధ్యాపకుడు:
ఒప్పుకోలేను. సూక్తిలో 'సు' మెచ్చుకోలు. జేక్వెస్ మెచ్చుకోవడం లేదు. ఆ పొట్ట నిండినది కొవ్విన కోడితో. ఆ రోజుల్లో న్యాయాధికారులకు అలాంటి కోళ్లు కానుకలుగా ముట్టేవని వ్యాఖ్యాతలు చెబుతారు. అలాంటివాడి నోట వచ్చినవి సూక్తులంటే ఆ కోడి సంగతి పాఠకుడు మరిచిపోతాడు.

పైగా 'మోడర్న్' మాటేమిటి? అందరూ 'సా' మీదే పడ్డారు. షేక్‌స్పియర్ 'మోడర్న్' మన ఆధునికం కాదు. సామాన్యమైన, అరిగిపోయిన అని అర్థం. ఆయనదే మరో నాటకం 'ఆల్స్ వెల్ దట్ ఎండ్స్ వెల్'లో లాఫ్యూ అనే పాత్ర ఏమంటాడు? కారణం తెలియని అద్భుతాలను 'మోడర్న్' చేసి, పరిచితం చేసి పెట్టే తాత్త్వికులు మనకున్నారంటాడు. అక్కడ 'ఆధునికం' అని చదివితే పొసగదు. కనుక 'మోడర్న్ ఇన్‌స్టాన్సెస్' అంటే సరికొత్త ఉదాహరణలు కాదు, అందరూ చెప్పే ఉదాహరణలే. మన పాఠ్యపుస్తకాల వ్యాఖ్యల్లో 'పాత నీతులు, కొత్త ఉదాహరణలు' అని రాసింది చూశాను. చక్కటి జంటలాగే వినిపిస్తుంది. కవి ఉద్దేశించింది అది కాదు. రెండు వైపులా అరిగినవే.

ఆటవెలది:
మార్లో పాదం దగ్గర నేను ఆగిపోయాను. కవి రాసినదాన్ని సామెతలా చెప్పుకోవడం అన్నారు చూడండి, మనకు వేమన ఉన్నాడు కదా! 'తినగ తినగ వేము తియ్యనుండు' అనేవాళ్లలో ఎంతమందికి ముందు పాదం గుర్తుంటుంది? 'అనగననగ రాగమతిశయిల్లుచునుండు' అని పాడుకుంటే తప్ప ఆ వేము తీపి తెలియదు. రాగం, వేము, ఆ తర్వాత 'సాధనమున పనులు సమకూరు ధరలోన'. నోరు, నాలుక, చేయి వరసగా వస్తాయి. జనం మధ్యలోని నాలుకను మాత్రం ఉంచుకున్నారు.

'అల్పుడెపుడు పల్కు ఆడంబరముగాను, సజ్జనుండు పల్కు చల్లగాను' అని చెప్పి, 'కంచు మోగునట్లు కనకంబు మోగునా' అంటాడు. ఇందులోనూ జనం పట్టుకెళ్లింది మూడో పాదమే. అంటే పోలిక ఉన్న పాదమే! చెప్పదలచిన సంగతి పద్యంలో ఉండిపోయింది, సామ్యం ఊరి మీదకు వెళ్లింది. ప్రత్యయం గారి 'మె'కు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? 'ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు' అని ఆ మాటే పైకి అనేశాడు కూడా.

గోదావరి గట్టు:
వేమన పద్యంలోంచి సామెత వచ్చిందని ఎలా అంటారు? ముందే ఊళ్లో ఉన్న సామెతను ఆయన పద్యంలో పొదిగి ఉండవచ్చు కదా. 'చెప్పులోని రాయి, చెవిలోని జోరీగ, కంటిలోని నలుసు, కాలి ముల్లు' అన్నవి విడివిడిగా ఎవరింట్లోనైనా వినిపించే మాటలే. ఆయన వాటిని వరసకట్టి 'ఇంటిలోని పోరు' పక్కన నిలబెట్టాడు. ఆ నిలబెట్టడమే ఆయన సొంతం. సీ.పీ. బ్రౌన్ 1829లో అచ్చు వేసే నాటికే అవి ఎన్ని నోళ్లు తిరిగాయో!

చెన్నపట్నం:
తమిళంలో సరిగ్గా అలాంటి పనే చేసిన ప్రాచీన గ్రంథం ఉంది: 'పళమొళి నానూఱు'. వెణ్బా అనే తమిళ ఛందస్సులో నాలుగు వందల పద్యాలు, పద్యానికొక సామెత. అక్కడ కవి దాచలేదు, గ్రంథం పేరులోనే చెప్పాడు. వేమనను కూడా అలా చదివితే ఆయన గొప్పతనం ఏమీ తగ్గదు.

ఆటవెలది:
తగ్గుతుందని నేను అనలేదండీ. కానీ 'కంచు మోగునట్లు' అన్నదానిలో ఆటవెలది నడక ఉంది. 'మోగునట్లు', 'మోగునా' అని ఊళ్లో ఎవరూ మాట్లాడరు. జనం ఆ పాదాన్ని పద్యపు భాషతో సహా మోసుకు తిరుగుతున్నారంటే, అది పద్యంలోంచి వచ్చిందనే నేను నమ్ముతాను. చెప్పులోని రాయి విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కంచు విషయంలో ఒప్పుకోను.

అకారాది:
పూర్తిగా చెప్పని సామెతల గురించి ఒకటి జోడిస్తాను. 'మాక్‌బెత్' మొదటి అంకం, ఏడో రంగంలో భార్య అతన్ని 'అడేజ్‌లోని ఆ పిల్లిలాగా' బతుకుతావా అని దెప్పుతుంది. సామెత ఏమిటో చెప్పదు. చూసేవాళ్లకు తెలుసని కవి ధీమా. పిల్లికి చేప కావాలి, పాదం తడవకూడదు. 1546లో జాన్ హేవుడ్ సంకలనంలో అది ఉంది. అంతకుముందే లాటిన్‌లో చెలామణీలో ఉంది. 'అడేజ్' అన్న మాటకు ఇంతటి వ్యాప్తి రావడం వెనుక సామెతల సంకలనం వేసిన డచ్ పండితుడు ఎరాస్మస్ ఉన్నాడు. 1500లో పారిస్‌లో ఎనిమిది వందల చిల్లర సామెతలతో మొదలుపెట్టి, 1536 నాటి చివరి కూర్పుకు 4,151కి చేర్చాడు. ముప్పై ఆరేళ్లపాటు ఒకే పుస్తకం మీద కూర్చున్న మనిషి! గ్రీకు పురాణకథలోని పండోరా చేతిలోని పెద్ద బానను పెట్టెగా మార్చింది కూడా ఆయనే. గ్రీకులో అది 'పిథోస్', నిల్వ బాన.

తుంగభద్ర తీరం:
బాన అంటే గాదెలాంటిదే కదా అకారాది గారూ!

ఆటవెలది:
ఆ పిల్లి ఇప్పుడు పనికొచ్చింది. కృష్ణ ఒడ్డు గారూ, మీ పాదానికి మాట దొరికింది. 'శ్రీరంగనీతులు'! మనం కూడా ఆ సామెతను సగమే అంటాం. 'చెప్పేవి శ్రీరంగనీతులు' అని ఆగిపోతే చాలు, మిగతాది వినేవాడే నింపుకుంటాడు. పొట్టలోని కోడి, నోట్లోని నీతి రెండూ ఒక్క మాటలో పడ్డాయి. విశ్రాంత అధ్యాపకుడు గారు అడిగిన ఎత్తిపొడుపు ఉంది, అకారాది గారు అడిగిన 'చెప్పడం' ఉంది, ప్రత్యయం గారి సామెతా ఉంది.

విశ్రాంత అధ్యాపకుడు:
అమ్మా, మాట అద్భుతంగా ఉంది. కానీ అది మరీ ఎక్కువ చెప్పేస్తోంది. జేక్వెస్ ఎక్కడా ఆ న్యాయాధికారిని కపటి అనడు. కోడిని చూపించి ఊరుకుంటాడు. 'వైజ్' అనే మాటను మొహం మార్చుకోకుండా పలుకుతాడు. 'శ్రీరంగనీతులు' అనగానే తీర్పు చెప్పేసినట్టే. ఆ తర్వాతి మాటలు 'అలా తన పాత్ర పోషిస్తాడు' అని వస్తాయి. పాత్ర అన్నాక కపటం అనే మాటకు అక్కడ చోటెక్కడిది?

ప్రత్యయం:
'నానుడులు' పెట్టి చూశారా? నుడి కనుక 'సా'కు ధాత్వర్థంలో దగ్గర. నలుగురి నోళ్లలో నానినది అంటారు కనుక 'మోడర్న్'లోని అరుగుదల కూడా వస్తుంది.

గోదావరి గట్టు:
నానిన నుడి నానుడి అని మీరే ఒప్పుకుంటే, సామం నుంచి సామెత అన్న నన్ను ఎందుకు ఆపారు ప్రత్యయం గారూ? ఇక్కడ వ్యాకరణం అడగరా?

ప్రత్యయం:
అడగాలి. అందుకే 'అంటారు' అన్నాను. రేపు వివరంగా రాస్తాను.

కృష్ణ ఒడ్డు:
అందరికీ కృతజ్ఞతలు. నాకు తేడా ఎక్కడ కొట్టిందో ఇప్పుడు తెలుస్తోంది. 'సామెతలు' అని రాస్తే ఆ న్యాయాధికారి ఎదుటివాడి కష్టాన్ని చూసి, దానికి అతికే మాట వెతికి చెబుతున్నట్టు వినిపిస్తుంది, ఆటవెలది గారి అమ్మమ్మలాగా. అతను ఎవరినీ చూడటం లేదు. తనకు వచ్చిన మాటలు తాను అంటున్నాడు. 'సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు' అన్న మనవాళ్ల విందు అతని దగ్గర లేదు, కోడి మాత్రం ఉంది.

ప్రస్తుతానికి ఇలా రాసుకున్నాను:

'నోటి నిండ పెద్ద నుడులు, నలిగిన నిదర్శనాలు;
అట్లె తన పాత్ర నతడు నడుపుకొనును.'

'పెద్ద నుడులు' కింద గీత గీసి పెట్టాను. 'పెద్ద' అంటే పెద్దలవి అని చదువుకుంటారా, పొడుగాటివి అని చదువుకుంటారా?

ఆటవెలది:
నాకు మొదట పెద్దలవి అనే వినిపించింది. రెండోసారి చదివితే కాదు. 'నలిగిన' మాత్రం మార్చకండి.

అకారాది:
నాకు రెండుసార్లూ పొడుగాటివే. 'సూక్తులు' ఇంకోసారి ఆలోచించండి.